వ్యాపార ఎస్సెమ్మెస్‌లకు వినియోగదారుల సమ్మతి: అడిగే తీరు నుంచి రుజువు భద్రపరచడం వరకు

వినియోగదారు ఫోన్ నంబరు ఇచ్చినంత మాత్రాన ప్రచార సందేశాలు పంపుకోమని అనుమతి ఇచ్చినట్టు కాదు. బిల్లు కోసమో, డెలివరీ కోసమో, ఓటీపీ కోసమో తీసుకున్న నంబరును మరుసటి రోజే ఆఫర్ల జాబితాలో చేర్చేయడం చాలా సంస్థల్లో అలవాటైపోయింది. ఆ అలవాటు వల్ల చట్టపరమైన చిక్కులు వస్తాయన్నది ఒక సంగతి. అంతకంటే ముందే జరిగే నష్టం ఇంకొకటి ఉంది: అడగకుండా వచ్చిన సందేశం చూసిన మనిషి, ఆ తర్వాత అదే సంస్థ నుంచి నిజంగా అవసరమైన సమాచారం వచ్చినా తెరిచి చూడడు.

సమ్మతి తీసుకునే పద్ధతిని రూపొందించుకునేటప్పుడు ఒకే ఒక ప్రశ్నను ఎదురుగా పెట్టుకోవాలని నా అభిప్రాయం. రెండేళ్ల తర్వాత ఒక వినియోగదారు ఫోన్ చేసి, "మీ సందేశాలకు నేను ఎప్పుడు, ఎక్కడ, ఏమని ఒప్పుకున్నాను?" అని అడిగితే, మీ దగ్గర కూర్చున్న ఉద్యోగి తడుముకోకుండా జవాబు చెప్పగలగాలి. ఈ మార్గదర్శిలోని మెట్లన్నీ ఆ జవాబును సిద్ధం చేసుకోవడానికే.

మొదటి మెట్టు: పంపబోయే సందేశాలను విడదీసుకోవడం

సమ్మతి అడగడానికి ముందు, దేనికోసం అడుగుతున్నారో మీకే స్పష్టంగా ఉండాలి. మీ సంస్థ నుంచి బయటికి వెళ్లే ప్రతి రకం సందేశాన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఓటీపీలు, చెల్లింపు అందినట్టు తెలిపేవి, ఆర్డరు బయలుదేరిందని చెప్పేవి, అపాయింట్‌మెంటు గుర్తుచేసేవి ఒక వైపు వస్తాయి. ఇవి వినియోగదారు మొదలుపెట్టిన పనికి సంబంధించినవి కాబట్టి, వీటి మీద ఆంక్షలు తక్కువ. కొత్త సరుకు, తగ్గింపు ధరలు, పండగ శుభాకాంక్షలతో కలిపి పంపే ఆఫర్లు, చాలాకాలంగా కొనని వారిని మళ్లీ పిలిచే సందేశాలు ఇంకో వైపు వస్తాయి. ప్రచారం కిందికి వచ్చేవి ఇవే, స్పష్టమైన సమ్మతి కావలసినవీ ఇవే.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ రెండింటినీ కలిపేసినప్పుడు. "మీ ఆర్డరు బయలుదేరింది. ఈ వారం మా దగ్గర ఇరవై శాతం తగ్గింపు" అన్న సందేశంలో మొదటి వాక్యం సమాచారం, రెండో వాక్యం ప్రచారం. రెండో వాక్యం చేరగానే మొత్తం సందేశం ప్రచారంగా మారిపోతుంది. సమ్మతి ఇవ్వని వారికి అది వెళ్లకూడదు. సమాచార సందేశాలను సమాచారానికే పరిమితం చేయడం మంచిది. భారతదేశంలో అయితే ఈ విభజన హెడర్ మీదే, అంటే సందేశం పైన పంపినవారి పేరుగా కనిపించే గుర్తు మీదే, తెలుస్తుంది: టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం ప్రచార సందేశాల హెడర్ చివర పీ, సేవా సందేశాలకు ఎస్, లావాదేవీల సందేశాలకు టీ, ప్రభుత్వ సందేశాలకు జీ అన్న అక్షరం ఉంటుంది.

రెండో మెట్టు: ఏ చట్టం వర్తిస్తుందో చూసుకోవడం

మీ కార్యాలయం ఎక్కడ ఉందన్నదాని కంటే, సందేశం అందుకునే మనిషి ఎక్కడ ఉన్నాడన్నది ముఖ్యం. ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న సంస్థకు కూడా నాలుగైదు దేశాల్లో వినియోగదారులు ఉండవచ్చు. అందుకే ఫారంలో దేశం కోడ్‌ను విడిగా తీసుకుని భద్రపరచుకోవాలి.

భారతదేశంలో ట్రాయ్ 2018 జులైలో తెచ్చిన వాణిజ్య సందేశాల నిబంధనలు దీనికి పునాది. వీటి ప్రకారం సందేశాలు పంపే సంస్థ, టెలికాం కంపెనీలు నడిపే ఉమ్మడి డిజిటల్ రికార్డు వ్యవస్థ అయిన డీఎల్‌టీ వేదికలో నమోదు కావాలి. హెడర్‌ను, సందేశాల టెంప్లేట్లను (నమూనా పాఠాలను) ముందుగా నమోదు చేయించుకోవాలి. వినియోగదారు 1909 నంబరు ద్వారా ప్రచార సందేశాలు వద్దని చెప్పి ఉంటే, విడిగా సమ్మతి ఇస్తే తప్ప మీ సందేశం అతనికి చేరదు. 2023 జూన్ 2న ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో డిజిటల్ సమ్మతి సేకరణ విధానానికి రూపం వచ్చింది. అందులో సమ్మతి కోరే సందేశాలు 127తో మొదలయ్యే షార్ట్ కోడ్ (కొద్ది అంకెల పొట్టి నంబరు) నుంచి వెళతాయి, ఇచ్చిన సమ్మతి టెలికాం కంపెనీల ఉమ్మడి వేదికలో నమోదవుతుంది. ఈ విధానం అమలులోకి వచ్చాక ఇతర దారుల్లో తీసుకున్న పాత సమ్మతులు చెల్లవని కూడా అప్పట్లో స్పష్టం చేశారు. కాబట్టి మీ సొంత ఫారంలోని టిక్ ఒక్కటే చాలు అనుకోకుండా, మీకు ఎస్సెమ్మెస్ సేవ అందించే కంపెనీతో ఈ విషయం మాట్లాడి పెట్టుకోవాలి.

దీనికి తోడు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వ్యాపారాల మీద పడే ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమలులోకి వచ్చేలా గడువు పెట్టారు. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావులేని చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలని ఆ చట్టం చెబుతోంది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. వివాదం వస్తే సమ్మతి తీసుకున్నామని రుజువు చేయవలసిన భారం సంస్థదే.

అమెరికాలో 1991 నాటి టీసీపీఏ (టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం) కింద, అనుమతి లేని సందేశం ఒక్కొక్కదానికి 500 డాలర్ల పరిహారం కోరుతూ వినియోగదారే నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. తెలిసి చేసిన ఉల్లంఘన అని తేలితే అది 1,500 డాలర్ల దాకా పెరుగుతుంది. సందేశాల లెక్కన కాబట్టి, పదివేల మందికి ఒక్కసారి పంపిన ఆఫరు కూడా సంస్థ తట్టుకోలేనంత మొత్తంగా మారగలదు. ఆటోమేటిక్ డయలింగ్ వ్యవస్థలతో పంపే ప్రచారానికి 2013 అక్టోబరు నుంచి రాతపూర్వక సమ్మతి కావాలి. ఎలక్ట్రానిక్ సంతకం, టిక్ చేసిన ఫారం, కీవర్డ్ సందేశం (వినియోగదారే తన ఫోన్ నుంచి పంపే నిర్ణీత మాట) కూడా రాతపూర్వకం కిందికే వస్తాయి. సమ్మతి ఇస్తేనే అమ్ముతామని షరతు పెట్టకూడదు.

ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమలవుతున్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్, అంతకు ముందు నుంచీ ఉన్న, ఎలక్ట్రానిక్ సందేశాల గోప్యతకు సంబంధించిన 2002 నాటి ఈప్రైవసీ ఆదేశం రెండూ కలిసి పనిచేస్తాయి. ముందే టిక్ పెట్టి ఉంచిన పెట్టె సమ్మతి కాదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న ప్లానెట్49 కేసులో తేల్చింది. కెనడాలో 2014 జులై 1 నుంచి అమలవుతున్న చట్టం, ఇటీవల కొనుగోలు చేసిన వారి విషయంలో రెండేళ్ల వరకు, కేవలం వాకబు చేసిన వారి విషయంలో ఆరు నెలల వరకు సమ్మతి ఉన్నట్టే భావించనిస్తుంది. ఆ గడువు దాటితే స్పష్టమైన సమ్మతి లేకుండా పంపకూడదు. ఆస్ట్రేలియాలో 2003 నాటి స్పామ్ చట్టం ఉంది.

ఇన్ని చట్టాలకు ఇన్ని పద్ధతులు పెట్టుకోవడం చిన్న సంస్థకు సాధ్యమయ్యే పని కాదు. అన్నింటిలోకీ కఠినమైన ప్రమాణాన్ని తీసుకుని అందరికీ అదే పాటించడం సులువు, క్షేమం కూడా. విడిగా టిక్ పెట్టించుకోవడం, షరతు లేకపోవడం, రుజువు దాచడం, ఆపడం తేలిక చేయడం అనే నాలుగూ ఉంటే చాలా దేశాల్లో మీరు సరైన దారిలోనే ఉన్నట్టు. ఒక దేశంలో పెద్ద ఎత్తున పంపబోతుంటే మాత్రం అక్కడి న్యాయవాది చేత మీ ఫారం చూపించుకోవడం తప్పనిసరి.

మూడో మెట్టు: సమ్మతి వాక్యం రాయడం

ఈ పనిలో అందరూ తొందరపడేది ఇక్కడే, తీరిగ్గా కూర్చోవలసినదీ ఇక్కడే. వినియోగదారు నిజంగా చదివేది ఈ వాక్యం ఒక్కటే. మిగిలిన నిబంధనల పేజీని తెరిచేవారు తక్కువ. కాబట్టి ముఖ్యమైన సంగతులన్నీ టిక్ పెట్టే చోటే కనిపించాలి. ఒక నమూనా చూడండి:

"ఫలానా సంస్థ కొత్త సరుకు, తగ్గింపు ధరల గురించి నెలకు నాలుగుకు మించకుండా నా మొబైల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపడానికి ఒప్పుకుంటున్నాను. ఇవి ఆటోమేటిక్ వ్యవస్థ ద్వారా రావచ్చు. కొనుగోలుకు ఈ సమ్మతి తప్పనిసరి కాదు. మీ ఫోన్ కంపెనీ చార్జీలు పడవచ్చు. స్టాప్ అని జవాబిచ్చి గానీ, మీ ఖాతా పేజీలో గానీ ఎప్పుడైనా ఆపేయవచ్చు. మీ వివరాలను ఎలా వాడతామో గోప్యతా విధానంలో ఉంది."

ఇందులో సంస్థ పేరు మొదటే వచ్చింది. వినియోగదారుకు తెలిసిన పేరే అక్కడ ఉండాలి. దుకాణం మీద ఒక పేరు, రిజిస్ట్రేషన్‌లో ఇంకో పేరు ఉంటే రెండూ రాయాలి. లేకపోతే సందేశం వచ్చినప్పుడు ఇదెవరో మనిషికి తెలియదు. తర్వాత ఏ విషయం గురించి పంపుతారో చెప్పాం. "మీకు ఉపయోగపడే సమాచారం" అని రాయడం అందరికీ ఇష్టమే గానీ, దాని అర్థం ఎవరికీ తెలియదు. తెలియని విషయానికి ఇచ్చిన సమ్మతి నిలబడదు. నెలకు ఎన్ని అన్నది కూడా చెప్పాం. ఈ అంకె రాసేటప్పుడు మార్కెటింగ్ విభాగం వెనకాడుతుంది, కానీ నా దృష్టిలో వాక్యం మొత్తంలో నమ్మకం కలిగించేది అదే. నాలుగు అని రాశాక అయిదోది పంపకూడదు. పంపవలసి వస్తుందనుకుంటే మొదటే అయిదు అని రాయాలి.

"భాగస్వాములు" అన్న మాటను మాత్రం ఈ వాక్యంలోకి రానివ్వకండి. "మా నుంచి, మా భాగస్వాముల నుంచి" అని రాస్తే, వినియోగదారు ఎవరికి సమ్మతి ఇస్తున్నాడో అతనికే తెలియదు. వేరే సంస్థ కూడా పంపాలంటే దాని పేరు రాసి, దానికి వేరే టిక్ బాక్స్ పెట్టాలి.

భాష గురించి ఒక మాట. వినియోగదారు మీతో ఏ భాషలో వ్యవహరిస్తాడో, సమ్మతి వాక్యం ఆ భాషలోనే ఉండాలి. యాప్ అంతా తెలుగులో ఉండి, ఒక్క ఈ వాక్యం మాత్రం చిన్న అక్షరాల ఇంగ్లీషులో ఉంటే, చదవకుండా టిక్ పెట్టించుకోవాలన్న ఉద్దేశమే అందులో కనిపిస్తుంది. అక్షరాల సైజు చుట్టూ ఉన్న రాతతో సమానంగా ఉండాలి, రంగు వెలిసినట్టు ఉండకూడదు.

నాలుగో మెట్టు: ఎక్కడ, ఎలా అడగాలో నిర్ణయించుకోవడం

వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో అడిగేటప్పుడు, నిబంధనలకు ఒప్పుకునే టిక్ బాక్స్, సందేశాలకు ఒప్పుకునే టిక్ బాక్స్ రెండూ వేరువేరుగా ఉండాలి. రెండోది ఖాళీగా తెరుచుకోవాలి. అది ఖాళీగా ఉన్నా ఆర్డరు పూర్తి చేసే బటన్ పనిచేయాలి. ఫారం తయారయ్యాక మీరే ఒక కొత్త ఫోన్‌లో తెరిచి, టిక్ పెట్టకుండా చివరిదాకా వెళ్లి చూడండి. ఎక్కడైనా ఆగిపోయినా, "ఈ గడి నింపండి" అని ఎర్ర అక్షరాలు వచ్చినా, మీరు సమ్మతిని కొనుగోలుకు షరతుగా మార్చేసినట్టే. నంబరు రాసే గడి దగ్గర కూడా అది దేనికోసమో చెప్పాలి. డెలివరీ కోసమైతే డెలివరీ కోసం అని రాస్తే చాలు. ఈమెయిల్, ఎస్సెమ్మెస్, వాట్సాప్, ఫోన్ కాల్ అన్నింటికీ కలిపి ఒకే టిక్ పెట్టడం కూడా సరికాదు. ఈమెయిల్‌కు సరే అన్న మనిషి ఫోన్ కాల్‌కు సరే అనకపోవచ్చు.

బిల్లింగ్ కౌంటర్ దగ్గర నోటిమాటగా అడగడం అన్నింటికన్నా బలహీనమైన పద్ధతి. వెనక వరుస పెరుగుతుంటే ఉద్యోగి "నంబరు చెప్పండి" అంటాడు, మనిషి చెప్పేస్తాడు. అక్కడ అడగడమూ లేదు, ఒప్పుకోవడమూ లేదు. కౌంటర్ దగ్గరే తీసుకోవలసి వస్తే, ఉద్యోగి చెప్పవలసిన వాక్యాన్ని రాసి ఇవ్వండి: "బిల్లు పంపడానికి మీ నంబరు కావాలండి. ఆఫర్ల గురించి కూడా మెసేజ్‌లు పంపమంటారా, వద్దంటారా?" వద్దు అన్న మాటను ప్రశ్నలోనే ఉంచడం వల్ల మనిషి మొహమాటం లేకుండా జవాబు చెబుతాడు. సరే అన్నవారి నంబరును నేరుగా జాబితాలో చేర్చకుండా, వారి ఫోన్‌కు నిర్ధారణ సందేశం పంపి, దానికి జవాబు వచ్చాకే చేర్చాలి. ఎక్కువ నంబర్లు చేర్చిన ఉద్యోగికి బహుమతులు ఇచ్చే పద్ధతి ఉంటే వెంటనే ఆపేయండి. అడగకుండా చేర్చడానికి అంతకంటే బలమైన ప్రేరణ ఉండదు.

కీవర్డ్ పద్ధతిలో వినియోగదారే తన ఫోన్ నుంచి మీ నంబరుకు ఒక మాట పంపుతాడు. ఫోన్ తన చేతిలో ఉందని, తానే పంపాడని అక్కడే తేలిపోతుంది కాబట్టి ఇది గట్టి పద్ధతి. అయితే ఆ కీవర్డ్‌ను ప్రకటించే పోస్టర్ మీద, క్యూఆర్ కోడ్ పక్కన పూర్తి సమ్మతి వాక్యం ఉండాలి. "తగ్గింపు కావాలా? ఈ నంబరుకు మెసేజ్ చేయండి" అని మాత్రమే రాస్తే, మనిషి ఒక్క తగ్గింపు కోసం పంపాడు తప్ప నెలనెలా వచ్చే సందేశాల కోసం కాదు.

కాగితపు ఫారాలకు కూడా ఇవే సూత్రాలు. రాసిన నంబరు తప్పుగా చదివే ప్రమాదం ఉంటుంది కాబట్టి, వాటికి నిర్ధారణ సందేశం తప్పకుండా కావాలి.

ఓటీపీ గురించి వేరుగా చెప్పాలి. ఓటీపీ కొట్టడం వల్ల ఆ ఫోన్ ఆ మనిషి దగ్గర ఉందని మాత్రమే రుజువవుతుంది. ప్రచారానికి ఒప్పుకున్నాడని కాదు. ఈ రెండింటినీ ఒకటిగా లెక్కవేసే సంస్థలు చాలానే ఉన్నాయి.

అయిదో మెట్టు: రెండోసారి నిర్ధారించుకోవడం

చాలా చోట్ల చట్టం దీన్ని తప్పనిసరి చేయలేదు. అయినా నేను గట్టిగా చెప్పేది, చేయమనే. వేరేవారి నంబరు ఇచ్చినా, ఒక అంకె తప్పు పడినా ఇక్కడ బయటపడుతుంది. నిర్ధారణ సందేశంలో సంస్థ పేరు, విషయం, ఎన్నిసార్లు వస్తాయి, అవునంటే ఏం పంపాలి, ఆపాలంటే ఏం చేయాలి అన్నవి ఉంటే చాలు. ఆఫరు గానీ కూపన్ గానీ అందులో పెట్టకూడదు. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ అడగకండి. మౌనం సమ్మతి కాదు. కొన్ని రోజుల గడువు పెట్టుకుని, ఆ నంబరును పక్కన పెట్టేయాలి.

తెలుగులో పంపేవారు నిడివి లెక్క తెలుసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల ఎస్సెమ్మెస్‌కు 160 స్థానాలు ఉంటే, తెలుగు లిపిలో పంపినప్పుడు యూనికోడ్ (అన్ని లిపులకూ పనికివచ్చే అక్షర సంకేత పద్ధతి) కారణంగా 70 మాత్రమే ఉంటాయి. అది దాటితే సందేశం ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు 67 స్థానాలే మిగులుతాయి. పైగా హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు దేనికదే ఒక స్థానం తీసుకుంటుంది: "సమ్మతి" అన్న మాట కంటికి మూడక్షరాలే అయినా, లెక్కలో ఆరు. దీనివల్ల నిర్ధారణ సందేశం రెండు మూడు ముక్కలవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఖర్చు తగ్గించడానికి ఆపే విధానాన్ని తీసేయడం మాత్రం చేయకూడదు. కుదించవలసి వస్తే మర్యాద వాక్యాలను కుదించాలి.

ఆరో మెట్టు: రుజువు భద్రపరచడం

డేటాబేస్‌లో నంబరు పక్కన "అవును" అన్న గడి ఒక్కటి ఉంటే అది రుజువు కాదు. ఆ గడిని ఎవరైనా, ఎప్పుడైనా మార్చగలరు. అది ఎలా వచ్చిందో కూడా చెప్పదు. ప్రతి సమ్మతికీ ఒక చిన్న చరిత్ర ఉండాలి: ఏ నంబరు, ఏ తేదీ, ఏ సమయం, ఏ టైమ్ జోన్, ఏ ఫారం, ఏ పేజీ, లేదా ఏ కౌంటర్, ఏ ఉద్యోగి, వెబ్‌లో అయితే ఐపీ చిరునామా, కీవర్డ్ అయితే వచ్చిన సందేశం యథాతథంగా, నిర్ధారణకు వచ్చిన జవాబు, దాని సమయం.

అన్నింటికన్నా ఎక్కువగా మరిచిపోయేది ఆ రోజు మనిషి చూసిన వాక్యం ఏమిటన్నది. ఫారం ఏడాదికి రెండుసార్లు మారుతుంది, పాత ప్రతి ఎక్కడా ఉండదు. అందుకే సమ్మతి వాక్యానికి వెర్షన్ నంబరు పెట్టండి. ఒక్క మాట మార్చినా కొత్త నంబరు ఇవ్వండి. పాతవాటి పూర్తి పాఠం, ఆ పేజీ స్క్రీన్‌షాట్, అది అమల్లో ఉన్న తేదీలతో సహా దాచండి. వినియోగదారు వరుసలో ఆ వెర్షన్ నంబరు ఉంటే, అతను చూసిన పేజీని ఎప్పుడైనా తెరిచి చూపించవచ్చు.

ఈ చరిత్రలో వరుసలు కలుస్తూ పోవాలి తప్ప, ఉన్నవి చెరిగిపోకూడదు. మనిషి మార్చిలో ఒప్పుకుని, జూన్‌లో ఆపేసి, నవంబరులో మళ్లీ చేరితే మూడు వరుసలూ కనిపించాలి. సందేశాలు పంపుతున్నంత కాలం, ఆపేశాక దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు ముగిసే దాకా దీన్ని ఉంచాలి. అమెరికాలో టీసీపీఏ దావాలకు ఆ గడువు నాలుగేళ్లు. ఎస్సెమ్మెస్ సేవ అందించే కంపెనీ దగ్గరే ఈ రికార్డంతా ఉండిపోకుండా చూసుకోండి. ఆ కంపెనీతో ఒప్పందం ముగిసిన రోజున రుజువులూ దానితోనే పోతాయి.

ఏడో మెట్టు: ఇచ్చిన సమ్మతి హద్దుల్లో ఉండటం

చేరిన వెంటనే వెళ్లే మొదటి సందేశం, ఎవరు పంపుతున్నారో, ఎలా ఆపాలో మరోసారి చెప్పాలి. ఆ తర్వాత ప్రతి సందేశంలో సంస్థ పేరు ఉండాలి. పంపే వేళల విషయంలో అందుకునేవారి స్థానిక సమయాన్ని చూడాలి. అమెరికా నిబంధనల్లో ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 9 తర్వాత ప్రచారం కూడదు. సరుకుల ఆఫర్లకు సమ్మతి తీసుకుని రుణాల ప్రకటనలు పంపితే, ఆ కొత్త విషయానికి మీ దగ్గర సమ్మతి లేనట్టే.

ఎనిమిదో మెట్టు: ఆపడాన్ని తేలిక చేయడం

చేరడం ఎంత సులువో ఆపడమూ అంతే సులువుగా ఉండాలన్నది జీడీపీఆర్‌లోనూ, భారత డేటా రక్షణ చట్టంలోనూ ఉన్న సూత్రం. ఒక్క టిక్‌తో చేరిన మనిషిని, లాగిన్ అయి, పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకుని, కారణం ఎంచుకుని, ఈమెయిల్ కోసం ఎదురుచూడమనడం అన్యాయం.

స్టాప్ అన్న ఒక్క మాటనే గుర్తించే వ్యవస్థ సరిపోదు. మనుషులు "వద్దు", "ఆపండి", "ఇక పంపకండి", "ఎవరు మీరు, నా నంబరు తీసేయండి" అని రాస్తారు. అమెరికాలో 2025 ఏప్రిల్ 11 నుంచి, అర్థమయ్యే ఏ రూపంలో చెప్పినా దాన్ని ఉపసంహరణగానే తీసుకోవాలి, పది పనిదినాల్లోగా అమలు చేయాలి. కెనడాలోనూ పది పనిదినాలే, ఆస్ట్రేలియాలో అయిదు. కంప్యూటర్ చేసే పనికి ఇన్ని రోజులు ఎందుకు? అదే నిమిషంలో ఆపేలా ఏర్పాటు చేసుకోండి. కీవర్డ్‌లలో పట్టుబడని జవాబులను రోజుకొకసారి ఒక మనిషి చదవాలి. కౌంటర్ దగ్గర నోటిమాటగా చెప్పినా, కాల్ సెంటర్‌లో చెప్పినా అదే జాబితాకు చేరేలా చూడాలి.

అక్షరాల హెడర్ నుంచి వెళ్లే సందేశాలకు వినియోగదారు జవాబు పంపలేడు. అలాంటి సందేశంలో "స్టాప్ అని జవాబివ్వండి" అని రాయడం వల్ల ప్రయోజనం లేదు. ఆపడానికి ఒక నంబరు గానీ, లాగిన్ అడగకుండా ఒక్క నొక్కుతో పని పూర్తయ్యే లింక్ గానీ ఇవ్వాలి. భారతదేశంలో అయితే సందేశాల్లో పెట్టే లింకులను కూడా ముందుగా నమోదు చేయించుకోవాలి.

ఆపమన్న నంబరును డేటాబేస్ నుంచి పూర్తిగా తుడిచేస్తే ఒక చిక్కు వస్తుంది. తర్వాత ఎప్పుడో పాత ఎక్సెల్ షీటును ఎవరో ఎక్కించినప్పుడు, ఆ నంబరు కొత్తదానిలా మళ్లీ చేరిపోతుంది. అందుకని పంపకూడని నంబర్ల జాబితా ఒకటి విడిగా పెట్టుకుని, అందులో నంబరు, ఆపిన తేదీ మాత్రమే ఉంచాలి. ఏ సందేశమైనా బయటికి వెళ్లే ముందు ఆ జాబితాతో సరిచూడాలి. మీ తరఫున పంపే ఏజెన్సీలకూ ఆ జాబితా అందాలి. ఆపినట్టు తెలిపే సందేశం ఒక్కటి పంపవచ్చు. అందులో "ఉండిపోండి, మీకో ప్రత్యేక ఆఫరు" అని రాయకూడదు.

తొమ్మిదో మెట్టు: పాత జాబితాలు, చేతులు మారిన నంబర్లు

ఇప్పటికే వేల నంబర్లు ఉన్న సంస్థ ఏం చేయాలన్నది అందరూ అడిగే ప్రశ్న. సమ్మతి ఎక్కడి నుంచి వచ్చిందో రికార్డు ఉన్న నంబర్లను ఒక పక్కకు తీయండి. మిగిలినవాటికి "మీకు మా సందేశాలు కావాలా?" అని ఎస్సెమ్మెస్ పంపాలన్న ఆలోచన వెంటనే వస్తుంది. జాగ్రత్త అవసరం: సమ్మతి కోరుతూ పంపే సందేశం కూడా ప్రచారమే అవుతుంది. ఈమెయిళ్ల విషయంలో 2017లో బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం, తమ వివరాలు సరిచూసుకోమనే నెపంతో వద్దన్న వారికి కూడా ఈమెయిళ్లు పంపినందుకు ఫ్లైబీ విమానయాన సంస్థకు 70,000 పౌండ్ల జరిమానా విధించింది. ఎస్సెమ్మెస్‌కూ అదే తర్కం వర్తిస్తుంది. వారు మళ్లీ కొనడానికి వచ్చినప్పుడో, ఖాతా తెరిచినప్పుడో, బిల్లు చూసుకునే పేజీలోనో అడగడమే సరైన దారి. అలా చేస్తే జాబితా బాగా చిన్నదవుతుంది. మిగిలేది మాత్రం నిజంగా వినాలనుకునేవారి జాబితా.

కొన్న జాబితాల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. వాడకండి. ఆ మనుషులు మీ పేరుకు సమ్మతి ఇవ్వలేదు, ఇచ్చారని అమ్మినవాడు చెప్పినా రుజువు చూపవలసింది మీరే.

వాడకం ఆగిపోయిన నంబర్లను ఫోన్ కంపెనీలు కొంతకాలం తర్వాత వేరేవారికి ఇస్తాయి. పాత మనిషి సమ్మతి కొత్త మనిషికి వర్తించదు. అమెరికాలో దీనికోసం 2021 నవంబరు నుంచి చేతులు మారిన నంబర్ల డేటాబేస్ అందుబాటులో ఉంది. అలాంటి సౌకర్యం లేని చోట, వరుసగా డెలివరీ కాని నంబర్లను పక్కన పెట్టడం, ఏడాదిగా ఏ కొనుగోలూ ఏ స్పందనా లేని నంబర్లకు పంపడం మానేయడం మంచి అలవాటు.

పదో మెట్టు: ఫిర్యాదు వచ్చినప్పుడు

"నేను ఒప్పుకోలేదు" అని ఎవరైనా అంటే, మొదట ఆ నంబరుకు సందేశాలు ఆపండి, ఆ తర్వాతే రికార్డు వెతకండి. వాదన ముందు పెట్టి ఆపడం వెనక పెట్టుకుంటే, ఈలోగా ఇంకో సందేశం వెళ్లి ఫిర్యాదు రెట్టింపవుతుంది. రికార్డు దొరికితే తేదీ, ఫారం, ఆ రోజు వాక్యం ఉన్నవి ఉన్నట్టు పంపండి. తామే టిక్ పెట్టామని గుర్తొచ్చి చాలామంది అక్కడితో శాంతిస్తారు. రికార్డు దొరకకపోతే ఆ మాట ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, ఆ నంబరు ఏ దారిలో జాబితాలోకి వచ్చిందో వెతకాలి. అదే దారిలో వచ్చిన మిగతా నంబర్లన్నింటికీ, రుజువు దొరికేదాకా పంపడం నిలిపివేయాలి.